దగ్గరి దారి

బేకరీ నుంచి మొంజియ ఇంటికి అయిదు నిమిషాల దారి. ఆరు నెలలుగా ఆమె పాతిక నిమిషాలు నడుస్తోంది.

ఆ అయిదు నిమిషాల దారి కూడలి మీదుగా పోతుంది. కూడలిలో కాఫీ హోటలుంది. హోటలు ముందు నీడపట్టున ఉండే మూడో కుర్చీ ఆమె మొగుడు బెల్గాసెంది. అందుకని మొంజియ పొడుగాటి రొట్టెలు చంకన పెట్టుకుని బేకరీ వెనక సందులో దూరి, కుమ్మరులు కుండలు కాల్చే ఆవాల పొగ మింగుతూ, ఎండకు పెట్టిన పచ్చికుండల వరసల మధ్య ఒత్తిగిలి నడిచి, పాత శ్మశానం గోడ చుట్టి ఇల్లు చేరుతుంది. చేరేసరికి రొట్టె చల్లారి చెక్కలా బిగుసుకుపోతుంది. మా నాబుల్ ఊళ్ళో బేకరీ నుంచి రొట్టె తెచ్చుకునే మనిషెవరూ దారిలో దాని కొస విరిచి నోట్లో వేసుకోకుండా ఇల్లు చేరరు. అది కక్కుర్తి కాదు, మోత కూలి. మొంజియ ఆ కూలి మానుకుని ఆరు నెలలైంది. చల్లారిన కొస నమిలితే దవడ నొప్పి తప్ప ఏముంది?

ఇదంతా కాగితం వల్ల వచ్చింది. అక్టోబరులో కోర్టులో కుటుంబ వ్యవహారాల జడ్జి ఒక రక్షణ ఉత్తర్వు ఇచ్చింది. ఆ ఉత్తర్వు అందాక బెల్గాసెం తన బట్టల సంచీ, రేడియో పట్టుకుని రెండు వీధుల అవతల అన్నగారింటికి చేరాడు. గడువు ఆరు నెలలు. మొంజియ ఆ కాగితాన్ని ప్లాస్టిక్ సంచిలో చుట్టి కూస్‌కూస్ డబ్బాలో గోధుమ రవ్వ కింద దాచింది. నిజం చెప్పాలంటే దాన్ని పూర్తిగా చదవలేదు. చదవడం వచ్చు, నెమ్మదిగా. కానీ పైన తన పేరు, మొగుడి పేరు, కింద గుండ్రటి ముద్ర చూసేసరికి మిగతాదంతా తెలిసిపోయినట్టే అనిపించింది.

తెలియకపోవడానికేముంది? మా వైపు ఆడది మొగుడితో తగువుపడి పుట్టింటికి వెళ్తే దానికో పద్ధతుంది. గడప దాటకూడదు. పెళ్ళిళ్ళకు పోకూడదు. గోరింట పెట్టుకోకూడదు. మొగుడు తిరిగే వీధిలో కనపడకూడదు. మొగుడి తరఫు పెద్దమనిషి మిఠాయి పెట్టెతో వచ్చి బతిమాలి తీసుకెళ్ళేదాకా అలిగిన మనిషి అలిగినట్టే ఉండాలి. కాగితమంటే కూడా ఇదే అనుకుంది మొంజియ. కాకపోతే ఇది ముద్ర వేసిన అలక. పేటలో ఒక్కరంటే ఒక్కరు కాదనలేదు. ఆమె మూడు పెళ్ళిళ్ళు, ఒక సున్తీ విందు మానుకుంటే, "పాపం, పద్ధతి తెలిసిన మనిషి" అని మెచ్చుకున్నారు కూడా.

ఇల్లు మాత్రం ఇల్లయింది. ఆ మాట ఆమె పైకి ఎవరితోనూ అనలేదు గాని, పొద్దున్నే వాకిట్లో స్టూలు వేసుకుని, కాఫీలో రెండు చుక్కలు నారింజ పూలనీరు వేసుకుని, చివరి గుక్క దాకా కూర్చునే తాగుతోంది. ఇదివరకు వీధి తలుపు చప్పుడు వినపడితే గ్లాసు పెట్టేసి లేచేది. ఇప్పుడు తలుపు చప్పుడైతే తలుపు చప్పుడే.

శనివారం పొద్దున పెరట్లోని రెండు నారింజ చెట్లూ తెల్లగా విచ్చాయి. మొంజియ కింద దుప్పట్లు పరిచి, నిచ్చెన ఎక్కి, కుడిచేత్తో పూలు గిల్లుతోంది. ఎడమచేత్తో కొమ్మ పట్టుకుంటుంది, అంతే. ఆ మణికట్టు పూర్తిగా తిరగదు. అది అలా ఎందుకైందో అక్టోబరులో జడ్జికి చెప్పింది. మళ్ళీ ఎవరికీ చెప్పలేదు.

"అక్కా, దిగవే, పడి చస్తావ్!" పక్కింటి షాద్లియ గోడ తలుపు తోసుకుని వచ్చింది. భర్త పోయి పదేళ్ళైన మనిషి. ఒక్క కూతురు యుస్రకు గురువారం పెళ్ళి సంతకాలు. "నా కూతురు పెళ్ళికి ముందు నాకో శవం వద్దు తల్లీ."

"పెళ్ళయ్యాక పడతాలే. ఆ దుప్పటి కొస లాగు. తొక్కుతున్నావ్ పూలు."

షాద్లియ దుప్పటి లాగి, అక్కడే కూలబడి, పూలలోంచి ఆకులు ఏరడం మొదలుపెట్టింది. షాద్లియ మాట్లాడకుండా ఉందంటే ఏదో చెప్పడానికి వచ్చిందనే.

"మునిసిపాలిటీ హాల్లో ముందు వరసలో ఆరు కుర్చీలిస్తారట," అంది చివరికి. "మనవైపు మూడు. యుస్ర, తన పాలమ్మవి నువ్వు పక్కన ఉంటే తప్ప సంతకం పెట్టనంటోంది. నేనేం చెప్పను? కాగితం ఉందిగా అక్కా."

మొంజియ చెయ్యి కొమ్మ మీద ఆగిపోయింది. తన బిడ్డ నెల తిరక్కుండానే పోయిన ఆ ఏడు, షాద్లియకు టైఫాయిడ్ వచ్చి ఆసుపత్రిలో పడితే, నలభై రోజుల యుస్రను తెచ్చి పాలిమ్మని తన ఒళ్ళో పెట్టారు. ఆ తర్వాత మొంజియకు పిల్లలు పుట్టలేదు. పాలిచ్చిన పిల్ల పెళ్ళి చూడలేని బతుకు కూడా ఒక బతుకేనా అని గొంతు దాకా వచ్చింది. మింగేసింది.

"బెల్గాసెం బావ వస్తానన్నాడట," షాద్లియ ఒక ఆకును ముక్కలు ముక్కలుగా చింపుతూ అంది. "వాళ్ళన్న హాజీ గారు చెప్పారు. పిల్లకు తండ్రి లేడు, మగతోడు లేకపోతే బాగోదని. నేను వద్దనలేదు అక్కా. ఎలా వద్దంటాను? కాగితం నీకు గాని ఆయనకు కాదుగా."

"అవును," అంది మొంజియ. ఇద్దరూ అదే నమ్మారు మరి. పైనుంచి పూలు రాలుతూనే ఉన్నాయి.

ఆదివారం పూలనీటికి బట్టీ పెట్టింది. రాగి బానలో నీళ్ళు పోసి, ఆరిన పూలను అదమకుండా నింపి, పైన గోపురం మూత బోర్లించింది. పిండి పూసిన తడిగుడ్డను అంచు చుట్టూ బిగించాలి. ఒక కొస పళ్ళతో పట్టుకుని, రెండో కొస కుడిచేత్తో లాగి ముడేసింది. ఎక్కడ సందున్నా ఆవిరి పోతుంది, ఆవిరి పోతే వాసన పోతుంది. మూత పైన తొట్టిలో చన్నీళ్ళు పోసింది. మంట చిన్నగా ఉండాలి. తొట్టిలో నీళ్ళు గోరువెచ్చనవగానే తోడేసి మళ్ళీ చన్నీళ్ళు పొయ్యాలి. ఈ పని తెలిసినవాళ్ళు బట్టీ ముందు నుంచి లేవరు. గొట్టం చివర గడ్డి చుట్టిన పొడుగు సీసా పెట్టి, మొదటి చుక్క కోసం చూస్తూ కూర్చుంది.

మొదటి చుక్కతో పాటే హాజీ తిజాని వచ్చాడు. బెల్గాసెంకి అన్న. ముప్పై ఏళ్ళు పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. చేతిలో రిబ్బను కట్టిన మిఠాయి పెట్టె.

"పని మీదున్నావా అమ్మా?"

"పనే నా మీదుంది బావగారూ. కూర్చోండి. లేవలేను, ఏమీ అనుకోకండి."

హాజీ స్టూలు మీద కూర్చుని పెట్టె పక్కన పెట్టాడు. ఊపిరి లోపలికి పీల్చాడు. "అబ్బా! ఈ వాసన కోసమైనా వసంతం రావాలమ్మా." ఆయన మంచివాడే. తమ్ముడు అనేవాడు లేకపోతే ఇంకా మంచివాడయ్యేవాడు.

"వాడు చిక్కిపోయాడు," అన్నాడు.

"ఏం, అక్కయ్య వంట బాగోలేదా?"

"వేళాకోళం కాదమ్మా. ఆరు నెలలు. ఏ ఆడదైనా ఆరు నెలలు అలుగుతుందా? మా మేనత్త, దేవుడు ఆమెను చల్లగా చూడ, నాలుగు నెలలు కూర్చుంది. దానికే పాట కట్టారు." ఆయన ముందుకు వంగాడు. "నీ కాగితం బుధవారంతో అయిపోతుంది. గురువారం యుస్ర సంతకాలు. దేవుడే కలిపినట్టు లేదూ? పొడిగించమని అడక్కు. నువ్వే కోర్టుకు పోయి, 'ఇదిగోనమ్మా మీ కాగితం' అని మర్యాదగా తిరిగి ఇచ్చెయ్. గురువారం పొద్దున వాడొచ్చి నిన్ను తీసుకెళ్తాడు. ఇద్దరూ కలిసి హాల్లోకి నడిచి వస్తారు. పాలిచ్చిన తల్లి, ఎత్తుకుని తిప్పిన తండ్రి. ఎంత నిండుగా ఉంటుంది!"

మొంజియ తొట్టిలో వేలు ముంచి చూసింది. వేడెక్కింది. చెంబుతో నీళ్ళు తోడి పక్కన పారబోసింది, చన్నీళ్ళు పోసింది.

"తిరిగి ఇవ్వకపోతే?"

"ఇవ్వకపోతే వాడొక్కడే వస్తాడు. నువ్వు ఇంట్లో ఉంటావు. నేను చేసేదేముంది, కాగితం అలాంటిది." హాజీ చేతులు చాపాడు. "నీకోసమే చెబుతున్నానమ్మా. ఆ పిల్ల పెళ్ళి మళ్ళీ జరుగుతుందా?"

చుక్కలు సీసాలో టప్ టప్ మని పడుతున్నాయి. ఆ పిల్ల పెళ్ళి మళ్ళీ జరగదు. మొంజియకు ఆ ఒక్క మాట చాలు. మణికట్టు సంగతి తెలుసు, వీధి తలుపు సంగతి తెలుసు, కూర్చుని తాగే కాఫీ సంగతి తెలుసు. అవన్నీ తక్కెట్లో ఒకవైపు వేసి, రెండో వైపు ముందు వరసలో ఒక కుర్చీ పెడితే, కుర్చీయే కిందికి దిగింది.

"సరే బావగారూ. మంగళవారం వెళ్ళి ఇచ్చేస్తాను."

హాజీ పోయాక మిఠాయి పెట్టె విప్పకుండా అల్మరా మీద పెట్టింది. ఆ రోజు నీళ్ళు రెండు సీసాలు దిగాయి. మామూలుగా అయితే మొదటి సీసా మూత బిగిస్తూ ఏదో ఒకటి పాడుకుంటుంది. ఈసారి బిరడా నొక్కి, మైనం పూసి, మూల పెట్టేసింది.

మంగళవారం పొద్దున కాగితం తీసి చూస్తే కూస్‌కూస్ డబ్బా గుండ్రానికి చుట్టుకుపోయి ఉంది. ఒకరిది తెచ్చుకున్న పళ్ళెం కడక్కుండా ఇస్తామా? పైన పల్చటి గుడ్డ వేసి, గోరువెచ్చటి ఇస్త్రీపెట్టెతో సాఫు చేసి, ఫైలులో పెట్టుకుని కోర్టుకు వెళ్ళింది. వసారాలో గంటన్నర కూర్చున్నాక పిలిచారు.

అదే జడ్జి. ముప్పై అయిదేళ్ళుంటాయేమో. జలుబు చేసి ముక్కు ఎర్రగా కందిపోయి ఉంది. పక్క బల్ల దగ్గర లావుపాటి గుమస్తా టైపు కొడుతోంది.

"ఇదిగోనండీ," మొంజియ కాగితాన్ని రెండు చేతులతో బల్ల మీద పెట్టింది. "జాగ్రత్తగానే వాడాను. ఎక్కడా చిరగలేదు."

జడ్జి కాగితాన్ని చూసింది. వేలితో తడిమి చూసింది. "ఇస్త్రీ చేశారా?"

"మడతలు పడిందండీ, అందుకని."

గుమస్తా టైపు ఆపింది.

"ఎందుకు తిరిగి ఇస్తున్నారమ్మా? ఎవరన్నా బెదిరించారా? ఇంటికొచ్చారా ఆయన?"

"ఛ, రాలేదండీ. నేనే ఆయన కంటపడకుండా చూసుకున్నాను. గురువారం పెళ్ళుంది. మా పాలపిల్ల. కాగితం ఉంటే నేను వెళ్ళకూడదు కదండీ. అందుకని."

జడ్జి చేతిరుమాలు ముక్కు దగ్గర పట్టుకుని అలాగే ఉండిపోయింది. "మీరు వెళ్ళకూడదని ఎవరన్నారు?"

"ఎవరంటారండీ, అందరికీ తెలిసిందేగా." మొంజియకు కొంచెం కంగారు పుట్టింది. ఏదో తప్పు చేసినట్టు, గబగబా తన సచ్ఛీలం చెప్పుకోవడం మొదలుపెట్టింది. కూడలి దారిన పోవడం మానేసిన సంగతి చెప్పింది. కుమ్మరి ఆవాల చుట్టు తిరుగుడు చెప్పింది. మానుకున్న మూడు పెళ్ళిళ్ళు పేర్లతో సహా చెప్పింది, సున్తీ విందు కూడా. రొట్టె చల్లారిపోయే సంగతి చెప్పబోయి, కోర్టులో రొట్టెల మాటేమిటని ఆగింది గాని, అదీ నోరుజారి వచ్చేసింది.

జడ్జి కుర్చీ ముందుకు జరుపుకుంది. కాగితాన్ని మొంజియ వైపు తిప్పింది. "చదవండమ్మా. పైకే చదవండి. తొందరేం లేదు."

మొంజియ వేలు పెట్టి, ఒక్కొక్క మాటా కూడబలుక్కుంటూ చదివింది. బెల్గాసెం ఇల్లు విడిచి వెళ్ళవలెను. బెల్గాసెం అర్జీదారు నివాసమునకు గాని, ఆమె పనిచేయు చోటునకు గాని, ఆమె ఉన్న చోటునకు గాని రాకూడదు. బెల్గాసెం ఆమెతో స్వయముగా గాని, ఇతరుల ద్వారా గాని మాట్లాడకూడదు. ప్రతి వరసా బెల్గాసెంతోనే మొదలైంది. చివరి దాకా వెళ్ళి ముద్ర దగ్గర ఆగింది.

"మీరు ఫలానాది చెయ్యకూడదని ఎక్కడైనా ఉందా?"

మొంజియ మళ్ళీ పైనుంచి చూసింది. కాగితం తిప్పి వెనక వైపూ చూసింది. తెల్లగా ఉంది.

"లేదండీ."

"లేదు. ఈ కాగితం ఆయన కాళ్ళకు కట్టిన తాడు. మీ కాళ్ళకు కాదు. మీరు వెళ్ళకూడని వీధి లేదు, వెళ్ళకూడని పెళ్ళి లేదు. మీ పని మీద మీరు కూడలిలోంచి నడుస్తుంటే లేచి పోవలసింది ఆయన. లేవకపోతే ఇదిగో, పోలీసుల్లో ఈ పనికే ఒక విభాగం ఉంది, నంబరు రాసిస్తాను. ఒక్కటే, మీరుగా ఆయన్ని పిలవకండి, మాట కలపకండి. అన్నగార్నీ బావగార్నీ పంపించి చెప్పించినా అది ఆయన మాట్లాడినట్టే లెక్క. వచ్చారా ఎవరన్నా?"

మొంజియ చూపు ఇంకా కాగితం మీదే ఉంది. ఆమె బుర్ర ఇంకా వెనకాలే ఉంది. "అదికాదు తల్లీ, అలిగి పుట్టింట్లో కూర్చున్నదాన్ని కదా నేను..."

"పుట్టింట్లో ఉంటున్నారా?"

"లేదండీ. నా ఇంట్లోనే."

"మరి ఇల్లు విడిచి వెళ్ళిందెవరు?"

మొంజియ నోరు తెరిచింది. బట్టల సంచీ. రేడియో. రెండు వీధుల అవతల అన్నగారిల్లు. చిక్కిపోయాడట. పెద్దమనిషి మిఠాయి పెట్టె పట్టుకుని వచ్చింది పుట్టింటికి కాదు, తన ఇంటికి.

"ఓరి దేవుడా!" అంది గట్టిగా. "అయితే ఇన్నాళ్ళూ అలిగి పుట్టింటికి పోయింది ఆయనా!"

గుమస్తా పకపకా నవ్వింది. జడ్జి నవ్వు ఆపుకోబోయి తుమ్మింది. మొంజియ కూడా నవ్వింది, కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వింది, ఆ నీళ్ళు తర్వాత కూడా కాసేపు ఆగలేదు. గుమస్తా లేచి వచ్చి గ్లాసుతో మంచినీళ్ళిచ్చింది.

పొడిగింపు అర్జీ గుమస్తాయే టైపు చేసిపెట్టింది. ఇంకో ఆరు నెలలు. "పొడిగించేది ఒక్కసారే," అంది జడ్జి. "ఆ తర్వాత సంగతి, విడాకులా ఇంకోటా, ఈ ఆరు నెలల్లో తేల్చుకోండి. రేపు మధ్యాహ్నానికి కొత్త ఉత్తర్వు ఇస్తాను, ఆయనకీ అందుతుంది." మొంజియ సంతకం పెట్టింది. "అమ్మా," అని వెనక్కి పిలిచింది జడ్జి, "రేపటిది ఇస్త్రీ చెయ్యకండి. ముద్ర చెదురుతుంది."

బయటికొచ్చాక కోపం వచ్చింది. మొగుడి మీద ఉన్న కోపం పాతది, అది అలవాటే. ఇది తన మీద. మూడు పెళ్ళిళ్ళు! కుమ్మరి ఆవాల పొగ! బస్సు దిగి బేకరీలో రొట్టెలు కొని, ఇవాళ కూడలి మీదుగానే పోతాను, ఎవడడ్డమొస్తాడో చూస్తాననుకుంది. మలుపు దాకా వచ్చింది. కాళ్ళు వాటంతట అవే బేకరీ వెనక సందులోకి తిరిగాయి. కాగితం చదివింది తను గాని కాళ్ళు కాదు. ఆ పూట కూడా రొట్టె చల్లగానే తింది.

బుధవారం మధ్యాహ్నం కొత్త ఉత్తర్వు తెచ్చుకుని ఇల్లు చేరిన గంటకు హాజీ తిజాని వచ్చాడు. ఈసారి చేతిలో పెట్టె లేదు. మొహం కందగడ్డలా ఉంది.

"ఏంటమ్మా ఇది! కోర్టు మనిషి మా ఇంటికొచ్చి వాడి చేత సంతకం పెట్టించుకుని పోయాడు. నువ్వు తిరిగి ఇస్తానన్నావ్!"

"ఇచ్చాను బావగారూ. వాళ్ళు తీసుకోలేదు. ఇంకోటిచ్చారు."

"నలుగురూ నవ్వుతారమ్మా."

"నిన్న నేనూ చాలాసేపు నవ్వాను." మొంజియ కాఫీ పోసి, పూలనీరు రెండు చుక్కలు వేసి ఆయన ముందు పెట్టింది. "రేపు నేను హాలుకు వస్తున్నాను. షాద్లియకు చెప్పేశాను. పదకొండింటికి."

"నువ్వా? ఎలా వస్తావ్? మరి వాడెక్కడ కూర్చోవాలి?"

"ఆరు నెలలు నేనెక్కడ కూర్చున్నానో అక్కడే. ఇంట్లో."

హాజీ కాఫీ ముట్టుకోలేదు. మొంజియ కాగితం తెచ్చి ఆయన ముందు పెట్టింది. "నేనూ చదవకుండానే చదివాననుకున్నాను. మీరు చదవండి."

ఎన్ని వేల కవర్ల మీద ముద్ర కొట్టిన మనిషో ఆయన. జేబులోంచి కళ్ళద్దాలు తీసి, తుడిచి, పెట్టుకుని, ముందు ముద్ర చూశాడు, తేదీ చూశాడు, నంబరు చూశాడు. తర్వాత వరస తప్పకుండా చదివాడు. 'ఇతరుల ద్వారా గాని' అన్నచోట చూపు ఆగింది. అక్కడే చాలాసేపు ఉంది.

"ఇది మొదటిదాంట్లోనూ ఉందా?"

"ఉంది."

"వాడు నాకు చెప్పలేదు." కాగితం మడత మీదే మడిచి ఇచ్చాడు. "'నువ్వెళ్ళి మాట్లాడు అన్నయ్యా, నువ్వు మాట్లాడితే తప్పేముంది' అన్నాడు." చల్లారిన కాఫీ ఒక్క గుక్కలో తాగేశాడు. చెప్పులు వేసుకుంటుంటే మొంజియ అల్మరా మీది మిఠాయి పెట్టె తెచ్చి ఆయన చేతుల్లో పెట్టింది. మా దగ్గర ఎవరి గిన్నె గాని పెట్టె గాని ఒట్టిగా పంపరు, అందుకని దాని మీద ఒక చిన్న సీసా పూలనీరు కూడా పెట్టింది.

"ఇది అక్కయ్యకు," అంది. "అక్కయ్యకే. పాపం, ఆరు నెలలుగా వండిపెడుతోంది."

గురువారం మూడు కార్లు హారన్లు మోగిస్తూ బయల్దేరాయి. మొదటి కారులో మధ్యన యుస్ర, ఇటు షాద్లియ, అటు మొంజియ. యుస్ర పాలమ్మ ఎడమచెయ్యి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది, నొప్పి పెట్టకుండా ఎలా పట్టుకోవాలో చిన్నప్పట్నుంచీ తెలిసినట్టే. ముందు సీటు హాజీ తిజాని కోసం ఖాళీగా ఉంది. ఆయన కూడలిలో ఎక్కుతానన్నాడు.

కారు కూడలిలో ఆగింది. మొంజియ ఆరు నెలల తర్వాత ఆ హోటలు చూసింది. గోడకు కొత్తగా నీలం రంగు వేశారు. బావుంది.

మూడో కుర్చీలోంచి బెల్గాసెం లేచాడు. కొత్త సూటు, నిగనిగలాడే బూట్లు, కోటు జేబులో మల్లెచెండు. పక్కన నిలబడ్డ అన్నతో ఏదో అంటూ, నవ్వుతూ, కారు వైపు రెండడుగులు వేశాడు.

"అమ్మో," అంది షాద్లియ. మొంజియకు భయమే వేసింది, దాచడానికేముంది? సంచీలో జడ్జి రాసిచ్చిన నంబరుంది. ఫోన్ చేతిలోకి తీసుకుంది. కానీ తల దించలేదు. సీటులో కిందికి జారలేదు. అద్దంలోంచి తిన్నగా చూస్తూ కూర్చుంది.

బెల్గాసెం మూడో అడుగు వెయ్యలేదు. హాజీ అరచెయ్యి తమ్ముడి ఛాతీ మీద పెట్టి ఉంది.

"ఆగు," అన్నాడు హాజీ. కారు అద్దం దించి ఉంది, మాట వినపడింది.

"అదేంటన్నయ్యా, దూరంగా నిలబడతా. పిల్ల పెళ్ళి."

"దూరంగా కూడా కాదు. నేను చదివాను. ఇంటికి పో."

"ఊరంతా చూస్తోంది!"

"చూడనీ. పో తమ్ముడూ."

హోటలు ముందు కుర్చీల్లో ఉన్నవాళ్ళు కాఫీ గ్లాసుల్లోకి చూస్తున్నారు. బెల్గాసెం చుట్టూ చూశాడు. తిన్నగా పోదామంటే రోడ్డు నిండా పెళ్ళి కార్లు, వెనక హారన్లు. ఒక క్షణం నిలబడి, కోటు సర్దుకుని, బేకరీ వెనక సందులోకి తిరిగాడు. కుమ్మరి ఆవాల వైపు. ఆ బూట్లు బూడిదలో ఎలా అవుతాయో మొంజియకు తెలుసు.

హాజీ కారెక్కి తలుపు వేసుకున్నాడు. వెనక్కి తిరగలేదు. "పదండి, పదకొండయింది," అన్నాడు డ్రైవరుతో.

హాల్లో ముందు వరసలో పెళ్ళికూతురి వైపు మూడు కుర్చీల్లోనూ షాద్లియ, మొంజియ, హాజీ నిండుగా కూర్చున్నారు. యుస్ర కలం పట్టుకుని ముందు ఇటు తిరిగి చూసింది. మొంజియ తల ఊపింది. పిల్ల సంతకం పెట్టింది. ఆడవాళ్ళు నాలుకలాడిస్తూ వేసిన శుభం కేకలకు పైకప్పు ఎగిరిపోతుందేమో అనిపించింది. ఆ కేకల్లో మొంజియదే అందరికంటే పొడుగు. ఆరు నెలల నుంచి దాచిపెట్టింది మరి.

మధ్యాహ్నం ఇంటి దగ్గర భోజనాలకు జనం అనుకున్నదానికి రెట్టింపు వచ్చారు. కూస్‌కూస్ సరిపోతుంది గాని రొట్టెలు చాలవని షాద్లియ నెత్తి కొట్టుకుంది.

"నేను తెస్తా," మొంజియ సంచీ తీసుకుంది.

"నువ్వెళ్తే సాయంత్రమవుతుందే తల్లీ! ఎవర్నన్నా పంపుదాం."

అప్పటికే మొంజియ గుమ్మం దిగింది. కూడలి దాకా వచ్చింది. కాళ్ళు సందు వైపు లాగాయి. "అటు కాదు," అంది వాటితో, పైకే. హోటలు ముందు నుంచి నడిచింది. మూడో కుర్చీ ఖాళీగా ఉంది, బల్ల మీద సగం తాగిన గ్లాసు ఇంకా తియ్యలేదు. ఎవరో "మొంజియమ్మా, పెళ్ళి శుభం!" అన్నారు. "శుభం, శుభం," అంటూ ఆగకుండా పోయింది. బేకరీలో పొయ్యిలోంచి అప్పుడే తీసిన పాతిక రొట్టెలు సంచిలో నిలబెట్టించుకుని, మళ్ళీ అదే దారిన తిరిగొచ్చింది.

వాకిట్లో ఆమెను చూసి షాద్లియ గరిటె పట్టుకునే నిలబడిపోయింది. "ఏంటే, వెళ్ళనే లేదా?"

"వెళ్ళొచ్చాను."

యుస్ర పెళ్ళికూతురి గౌనులోనే పరిగెత్తుకొచ్చి సంచీ అందుకోబోయింది. రొట్టెల్లో ఒకదానికి కొస లేదు. మొంజియ బుగ్గలో ఉంది.

"చెయ్యి తియ్యి," అంది మొంజియ నోటి నిండా ముద్దతో. "కాలుతుంది."